పసుపు కాగితం, ఇనప మేకు

అప్టన్ సింక్లేర్ నవల 'ది జంగిల్' గురించి మా ఊరి అధ్యయన తరగతిలో మాట్లాడుతున్నప్పుడు ఎమ్మే చదివే ఒకమ్మాయి లేచి ఒక ప్రశ్న వేసింది. "సార్, డబ్బా బటాణీల్లో రాగి కలిపారన్న సంగతి ఆ కుటుంబానికి తెలియదని రచయిత అంటున్నాడు. మరి రచయితకెలా తెలిసింది?" షికాగో వెళ్లి ఏడు వారాలు ఉండి చూశాడు గదా అని అప్పటికేదో చెప్పి గట్టెక్కాను. ఇంటికి వెళుతుంటే ఆ జవాబు నాకే నచ్చలేదు. కబేళాలో తిరిగితే మాంసం సంగతి తెలుస్తుంది. బటాణీలో రాగి కంటికి కనపడదు. కనపడదు గనకనే కలిపారు.

ఆ ప్రశ్న పట్టుకుని వెతగ్గా నాకు దొరికింది, అమెరికా వ్యవసాయ శాఖలోని రసాయన విభాగం 1906లో అచ్చువేసిన నూరో నంబరు బులెటిన్. రాసినవాళ్లు బిగెలో, హోవర్డ్ అనే ఇద్దరు ఉద్యోగులు. ఆహార కల్తీలో కొన్ని రకాలు, వాటిని కనిపెట్టే తేలిక పద్ధతులు - ఇదీ దాని విషయం, దాదాపు ఇదే దాని పేరు కూడా. సాహిత్య చరిత్రల్లో దీని ప్రస్తావన ఉండదు. కానీ నవల పుస్తకంగా వచ్చింది 1906 ఫిబ్రవరిలో. ఆహార చట్టం మీద అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ సంతకం పెట్టింది అదే ఏడాది జూన్ 30న. ఈ బులెటినూ ఆ ఏడాదిదే. 'నవల రాశాడు, చట్టం వచ్చింది' అని మనం తరగతి గదుల్లో ఒక్క వాక్యంలో తేల్చేసే కథలోకి ఈ చిన్న పుస్తకాన్ని కూడా రానిస్తే, ఆ వాక్యం అంత నిటారుగా నిలబడలేదని నాకు తోచింది. దాని సంగతే ఈ వ్యాసం.

ముందు ఆ కాలపు కల్తీ ఎలాంటిదో చెప్పాలి. పాలలో నీళ్లు కలపడం పాడి ఎంత పాతదో అంత పాతది. పంతొమ్మిదో శతాబ్దం చివర వచ్చింది వేరే రకం. పల్లెలు ఖాళీ అయి నగరాలు ఉబ్బాయి. పాలు రైల్లో వస్తాయి, మాంసం వేల మైళ్లు ప్రయాణం చేస్తుంది, కూరగాయలు రేకు డబ్బాల్లో వస్తాయి. వండేవాడికి తినేవాడెవడో తెలియదు, తినేవాడికి వండేవాడు తెలియదు. ఈ దూరంలో సరుకు చెడిపోకూడదు, చెడినా చెడినట్టు కనపడకూడదు. ఆ పని రసాయనాలు చేశాయి. పాలు విరగకుండా ఫార్మాల్డిహైడ్ - కాలేజీ ల్యాబుల్లో చచ్చిన కప్పల్ని నిలవ ఉంచే ద్రావకమే. మాంసానికి బొరాక్స్, అంటే మన కంసాలులు వాడే వెలిగారం. డబ్బాలో ఉడికి పాలిపోయిన బటాణీకి పచ్చదనం తిరిగి తెప్పించడానికి మైలుతుత్తం. ఫ్రాన్సు నుంచి దిగుమతయ్యే డబ్బాల్లో ఇది మామూలు. జాముకి తారు నుంచి తీసిన రంగులు. మిరియాల పొడిలో కొబ్బరి చిప్పల పొడి, ఆలివ్ గింజల పొడి. సల్ఫ్యూరికామ్లం, బట్టల రంగులు, ఎరువులు తయారుచేసే అదే శాస్త్రం వంటింట్లోకి దొడ్డిదారిన వచ్చింది. ఆ శాస్త్రాన్నే వంటింట్లోకి వీధిదారిన పిలుచుకుని రావడం బులెటిన్ చేసిన పని.

ఇంతకీ ఆ పరీక్షలేమిటి? పుస్తకం మొత్తం వివరించను గాని, కొన్నిటి దగ్గర నిలబడాలి.

బటాణీలతో మొదలుపెడతాను. డబ్బాలోంచి కాసిని బటాణీలు తీసి మెత్తగా చిదమాలి. కప్పులో వేసి నీళ్లు పోసి, కొన్ని చుక్కల హైడ్రోక్లోరికామ్లం వెయ్యాలి. ఆ కప్పుని మరిగే నీళ్ల గిన్నెలో పెట్టి, తళతళలాడే ఇనప మేకు ఒకటి అందులో వదలాలి. మధ్య మధ్య కలుపుతూ కాసేపు ఉంచి మేకు బయటికి తీస్తే, రాగి ఉన్నట్టయితే దాని మీద ఎర్రగా పూత పట్టి ఉంటుంది. హైస్కూలు పిల్లవాడికి కూడా తెలిసిన సూత్రమే: ఇనుము కరుగుతుంది, దాని చోట రాగి వచ్చి కూర్చుంటుంది. ఇందులో నన్నాకట్టుకున్నది సూత్రం కాదు. దాచిన లోహం తనంతట తానే బయటికొచ్చి మేకు మీద కూచుంటుంది. ఇల్లాలికి రసాయన శాస్త్రం రానక్కర్లేదు, నమ్మనక్కర్లేదు కూడా. చూస్తే చాలు.

రంగుల పరీక్ష ఇంకా అందమైనది. జాముని నీళ్లలో కలిపి, ఆమ్లం చుక్కలు వేసి, తెల్ల ఉన్ని ముక్క అందులో వేసి ఉడికించాలి. పండ్ల సహజమైన రంగు ఉన్నికి సరిగా పట్టదు, వెలిసిన మరకలా ఉంటుంది. తారు రంగైతే ఉన్ని నిగనిగలాడుతూ రంగెక్కుతుంది. ఆ రంగులు పుట్టిందే బట్టల కోసం గనక అవి తమ స్వస్థానాన్ని గుర్తుపడతాయన్నమాట. 1904లో సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శనలో శుద్ధాహార ఉద్యమకారులు చేసిన పని ఇదే: దుకాణాల్లో అమ్మే తినుబండారాల నుంచి తీసిన రంగులతో పట్టు గుడ్డలూ ఉన్ని గుడ్డలూ అద్ది వరసగా వేలాడదీశారు. జనం వచ్చి, తాము తింటున్నది ఏ చీరకో పనికొచ్చే రంగని కళ్లారా చూసి వెళ్లారు. నూరు ఉపన్యాసాల పెట్టు ఆ గుడ్డముక్కలు.

వెన్న పరీక్షకు మందుల షాపుకి వెళ్లే పని కూడా లేదు. చెంచాలో ముక్క వేసి దీపం మీద కాచాలి. అసలు వెన్న నురగలు పొంగుతూ సద్దు లేకుండా మరుగుతుంది. కొవ్వుతో చేసిన నకిలీ వెన్న గాని, పాచిపోయినదాన్ని కరిగించి మళ్లీ పేర్చింది గాని చిటపటలాడుతుంది, నురగ తక్కువ. నెయ్యి కాచిన మన ఆడవాళ్లకిది చెప్పక్కర్లేదు, చెవితోనే పట్టేస్తారు. కాఫీ పొడి చన్నీళ్ల మీద చల్లితే నూనె ఉన్న కాఫీ తేలుతుంది, చికోరీ గోధుమరంగు చారలు విడుస్తూ మునుగుతుంది. (మన వైపు చికోరీ పడని కాఫీ కాఫీయే కాదనేవాళ్లున్నారు. పొట్లం మీద రాసి అమ్మితే అది కల్తీ కాదు, రాయకుండా అమ్మితే కల్తీ. ఈ తేడా ముందుకొస్తుంది, గుర్తుంచుకోండి.)

ఇక వెలిగారానికి పెట్టిన పరీక్ష. బులెటిన్ చదువుతూ నేను ఠక్కున ఆగింది ఇక్కడే. మాంసం ముక్కలు నీళ్లలో నానబెట్టి పిండి, వడగట్టి, ఆమ్లం చుక్కలు వేసి, అందులో పసుపు కాగితం ముంచమంటారు. పసుపంటే మన పసుపే. దాన్ని స్పిరిట్‌లో కలిపి, కాగితం ముంచి ఆరబెట్టింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రనవుతుందని దిష్టినీళ్లు తెలిసిన ప్రతి తెలుగింటికీ తెలుసు. అది క్షారం చేసే పని. వెలిగారానికి కూడా కొంత క్షారగుణం ఉంది కాబట్టి, ఆ ఎరుపే చూసి ఇది వెలిగారమని చెబితే పప్పులో కాలేసినట్టే. అందుకే ముందుగా ఆమ్లం వేసి క్షారాన్ని చంపేస్తారు. ఆమ్లంలో ఉండగా కూడా, ఆరేటప్పటికి, కాగితం ఎర్రబడిందంటే అది వెలిగారమే. అయినా నమ్మకం కుదరకపోతే ఆ ఎర్రటి చోట ఒక చుక్క అమోనియా వెయ్యమంటారు; అది నల్లగా, ముదురాకుపచ్చగా మారుతుంది. సున్నం ఎరుపు అలా మారదు.

చదివి ఊరుకోలేక నేనూ చేసి చూశాను. మాంసంలో కాదు, మా అబ్బాయి క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు చిటికెడు నీళ్లలో కలిపాను. కెమిస్ట్రీ చెప్పే మిత్రుడు ఆమ్లం ఇచ్చాడు. కాగితం ముంచాను. పసుపు పసుపుగానే ఉంది. రెండోసారీ అంతే. అమెరికా ప్రభుత్వం అబద్ధమాడిందని నేను తీర్మానించుకుంటుండగా మిత్రుడు నవ్వి, "ఆరనివ్వండి మాస్టారూ, తడి మీద రాదు" అన్నాడు. పది నిమిషాలకి కాగితం అంచులు గులాబీరంగు తిరిగాయి, తర్వాత బాగా ఎర్రబడ్డాయి. బులెటిన్‌లో 'ఆరబెట్టి' అన్న మాట ఉంది. నేనే దాటేశాను. రాసినవాళ్లు ఒక్క మాట కూడా అలంకారానికి వాడలేదని అప్పుడర్థమైంది. కథలు రాసే మనలో ఎందరి వాక్యాలకు, ఒక్క మాట తీసేస్తే ఫలితం తప్పుతుందనే పరీక్ష నిలుస్తుంది?

అయితే మేకు చెప్పేది ఒక్కటే: రాగి ఉంది. ఎంత ఉందో చెప్పదు. అది మనిషిని ఏం చేస్తుందో అసలు చెప్పదు. ఆ రెండో ప్రశ్నకి జవాబు కోసం ఆ రసాయన విభాగం అధిపతి హార్వీ వైలీ 1902 చివర్లో ఇంకో పరీక్ష మొదలుపెట్టాడు. వాషింగ్టన్‌లో తమ కార్యాలయం నేలమాళిగలో భోజనశాల పెట్టి, పన్నెండుమంది ఆరోగ్యవంతులైన యువకులకు ఉచితంగా భోజనం పెట్టి, అందులో కొలతప్రకారం బొరాక్స్ ఇచ్చాడు. మొదట వెన్నలో కలిపితే కుర్రాళ్లు పసిగట్టి వెన్న ముట్టడం మానేశారు. చివరికి గొట్టాల్లో పెట్టి మందులా మింగించాల్సి వచ్చింది. తర్వాతి ఏళ్లలో సాలిసిలికామ్లం, సల్ఫైట్లు, బెంజోయికామ్లం, ఫార్మాల్డిహైడ్. పత్రికలు వాళ్లకి 'విషదళం' అని పేరుపెట్టి, పాటలు కట్టి, నవ్వుకున్నాయి. అన్నం తినబుద్ధి కాకపోవడం, తలనొప్పి, కడుపునొప్పి - ఇవి వాళ్ల బరువుల పట్టికల పక్కన నమోదయ్యాయి. శాస్త్ర పద్ధతిగా ఈనాటి వాళ్లు దీన్ని ఒప్పుకోరు. పన్నెండుమందే, పోల్చడానికి బొరాక్స్ తినని వేరే జట్టు లేదు. నాకు తట్టే అభ్యంతరం వేరు. బలంగా ఉన్న గుమాస్తా కుర్రాళ్లకే ఇంత జరిగితే, ఒక పూట తిని ఒక పూట పస్తులుండే కూలివాడి బిడ్డకి ఏం జరుగుతుంది? ఆ బిడ్డ వైలీ బల్ల దగ్గర కూచోలేదు. నవలలో కూచుంది.

ఇప్పుడు నవల దగ్గరికి వద్దాం. 1904లో షికాగో మాంసం కర్మాగారాల కార్మికులు సమ్మె చేసి ఓడిపోయారు. 'అపీల్ టు రీజన్' అనే సోషలిస్టు వారపత్రిక ఐదువందల డాలర్లు ముందుగా ఇచ్చి సింక్లేర్‌ని అక్కడికి పంపింది. అతను పాతబట్టలు తొడుక్కుని, చేత అన్నం క్యారియరు పట్టుకుని కార్మికుల్లో కలిసి లోపల తిరిగాడు. 1905లో నవల ఆ పత్రికలో ధారావాహికగా వచ్చింది. పుస్తకంగా వెయ్యడానికి మాక్మిలన్ వాళ్లు నిరాకరించారు. చివరికి వేసిన డబుల్‌డే వాళ్లు ముందు మనిషిని షికాగో పంపి రాసింది నిజమో కాదో సరిచూసుకున్నారు. లిథువేనియా నుంచి వలస వచ్చిన యూర్గిస్, అతని భార్య ఓనా, వాళ్ల బంధువర్గం - వీళ్లు కొత్త దేశంలో ఒక్కొక్కరే నలిగిపోవడమే కథ.

ఏడో అధ్యాయంలో చలికాలం మొదలవుతుంది. పిల్లలకి జబ్బులు. ఆ సందర్భంలో కథకుడు కథ ఆపి అంటాడు: వీధి చివర కొనే నీలిపాలల్లో నీళ్లతోబాటు ఫార్మాల్డిహైడ్ కూడా ఉందని వీళ్లకెలా తెలుస్తుంది? టీ, కాఫీ, పంచదార, పిండి కల్తీవని, డబ్బా బటాణీలకి రాగి లవణాలతో రంగేశారని, జాముల్లో తారు రంగులున్నాయని ఎలా తెలుస్తుంది? తెలిసినా ఏం లాభం, వేరే సరుకు అక్కడ దొరకదు గదా?

ఈ జాబితాని బులెటిన్ పక్కన పెట్టి చూడండి. పాలు, కాఫీ, బటాణీలు, జాము. ఒక్కొక్కదానికి అక్కడ ఒక పరీక్ష ఉంది. ఫార్మాల్డిహైడ్‌కి ఇనుప లవణం కలిపిన ఆమ్లం, వేడి చేస్తే ఊదారంగు, రాగికి మేకు, తారు రంగుకి ఉన్ని. రచయితకెలా తెలిసిందన్న మా అమ్మాయి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది: ఈ విషయాలు రహస్యాలు కావు. వైలీ విభాగమే 1887 నుంచి ఆహార కల్తీల మీద నివేదికలు అచ్చువేస్తూ వచ్చింది. ఎలెన్ రిచర్డ్స్ అనే శాస్త్రవేత్త 1886లోనే గృహిణుల కోసం దీని మీద పుస్తకం రాసింది. ఏలిస్ లేకీ లాంటివాళ్లు మహిళా సంఘాలను కూడగట్టి వాషింగ్టన్‌కి ఉత్తరాలు కురిపించారు. తెలిసినవాళ్లకి తెలుసు.

యూర్గిస్ ఇంటికి తెలియదు. అది గమనించదగ్గ విషయం. బులెటిన్ ఇంగ్లీషులో ఉంది, వాళ్లు మాట్లాడేది లిథువేనియన్. ఉన్ని ముక్క ఉడికించడానికి బొగ్గు కావాలి, వాళ్లకి వొంటికి వెచ్చదనానికే బొగ్గు లేదు. ఆమ్లం కొనడానికి డబ్బులు, నిలబడి చూడటానికి సమయం కావాలి. ఆ ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ కూడా పనికి పోతారు. అన్నీ సమకూరి మేకు ఎర్రబడిందే అనుకోండి, ఏం చేస్తారు? మంచి సరుకున్న దుకాణానికి పోతారా? నవలాకారుడి ఆ చివరి ప్రశ్న బులెటిన్ ఊహలోకే రాలేదు. దాని పాఠకురాలికి రెండు దుకాణాలున్నాయి, ఒకటి కాకపోతే రెండోది. పరీక్షకు అర్థం ఉండాలంటే ఎంచుకునే వీలుండాలి. ఆ వీలు లేనివాడి చేతిలో మేకు ఉత్త మేకే.

కథకుడు పాత్రల తలల మీదుగా పాఠకుడితో మాట్లాడటం శిల్పదోషమనీ, నవలలో పత్రికావిలేఖరి చొరబడ్డాడనీ విమర్శించేవాళ్లున్నారు. మిగతా చాలా చోట్ల, ముఖ్యంగా ఉపన్యాసాలతో నిండిన చివరి అధ్యాయాల్లో, నేనూ ఒప్పుకుంటాను. ఏడో అధ్యాయంలో మాత్రం ఒప్పుకోను. అక్కడి వస్తువే తెలియకపోవడం. ఆ సంగతి పాత్ర నోట పలికిస్తే అబద్ధం అవుతుంది. చెప్పకుండా వదిలేస్తే పాలు ఉత్త పాలే అవుతాయి. తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య ఉన్న దూరాన్ని కథకుడి గొంతు మార్పే చూపిస్తోంది. పదమూడో అధ్యాయంలో క్రిస్టొఫోరస్ అనే పసివాడు పొద్దున సాసేజీ తిని చనిపోతాడు. ఎగుమతికి పనికిరాదని పక్కన పడేసిన క్షయపంది మాంసంతో అది చేసి ఉండవచ్చు అంటాడు రచయిత. 'ఉండవచ్చు' అనే అంటాడు. అంత కోపంగా రాస్తున్నవాడు అక్కడ చెయ్యి బిగబట్టుకోవడం నాకు గౌరవం కలిగించింది. ఆ సాసేజీని ఎవరూ పరీక్షించలేదు మరి.

ఇక చట్టం. నవల చదివి జనం గగ్గోలు పెట్టారు. రూజ్‌వెల్ట్ నీల్, రేనాల్డ్స్ అనే ఇద్దర్ని షికాగో పంపాడు. మనుషులు కొవ్వు తొట్లలో పడి కరిగిపోయారన్న సంగతికి వాళ్లకి రుజువు దొరకలేదు గాని, మిగతా చాలావరకు నిజమేనని చెప్పారు. జూన్ 30న మాంసం తనిఖీ చట్టం, శుద్ధాహార ఔషధ చట్టం ఒకేరోజు వచ్చాయి. రెండో చట్టం సారాంశం చికోరీ దగ్గర నేను చెప్పిందే: ముఖ్యంగా పొట్లం మీద అబద్ధం రాయకు. మొదటిదాంట్లో తనిఖీ ఖర్చు కంపెనీలే పెట్టుకోవాలని మొదట రాసుకున్నారు. కంపెనీలు ఒత్తిడి తెచ్చాక ఏడాదికి ముప్ఫై లక్షల డాలర్లు ప్రభుత్వమే పెట్టేట్టు మార్చారు. డబ్బా మీద తేదీ వెయ్యాలన్న నిబంధన ఎగిరిపోయింది. ప్రభుత్వ ముద్ర పడిన మాంసం విదేశాల్లో అమ్ముకోవడం పెద్ద కంపెనీలకు తేలికైంది. వైలీ తర్వాత ఏళ్ల తరబడి బెంజోయేటు మీదా శాకరిన్ మీదా పోట్లాడి, పైవాళ్లతో పొసగక 1912లో ఉద్యోగం వదిలేశాడు.

యూర్గిస్ జీతం, పనిగంటలు, ఉప్పునీళ్ల గదుల్లో ఆమ్లాలకి కుళ్లిపోయిన వేళ్లు - వీటి గురించి ఆ రెండు చట్టాల్లోనూ ఒక్క మాట లేదు. నవల అంకితమైంది అమెరికా కార్మికులకు. జనం గుండెకి గురిపెడితే దెబ్బ పోయి కడుపుకి తగిలిందని ఆ ఏడాదే సింక్లేర్ వాపోయాడు. ఆ మాటని అతని చమత్కారంగా అందరూ ఉటంకిస్తారు. నాకది చమత్కారంగా వినపడదు. తినేవాడు తన పళ్లెంలో ఏముందో అడిగాడు, జవాబు దొరగ్గానే పళ్లెం కేసి తిరిగి కూచున్నాడు. పాఠకుణ్ణి అలా తిప్పడానికి కొన్ని పేజీల మాంసం వర్ణన చాలింది. ఇది పాఠకుడి తప్పా, వర్ణన బలమా? నేనింకా తేల్చుకోలేదు.

మన దగ్గరికొస్తే, మద్రాసు రాష్ట్రంలో 1918లోనే కల్తీ నిరోధక చట్టం ఉంది. దేశం మొత్తానికి 1954లో వచ్చింది. దాని స్థానంలో 2006 నాటి ఆహార భద్రతా చట్టం వచ్చింది. ఇంట్లోనే కల్తీ కనిపెట్టే పద్ధతుల్ని ఇప్పుడు మన ప్రభుత్వ సంస్థ కూడా పుస్తకంగా వేసింది. అందులో పసుపుకే ఒక పరీక్ష ఉంది. పసుపు నీళ్లలో హైడ్రోక్లోరికామ్లం చుక్కలు వేస్తే గులాబీరంగు వచ్చి, ఎన్ని నీళ్లు పోసినా పోకుండా నిలిస్తే, అందులో మెటానిల్ ఎల్లో అనే తారు రంగు కలిసినట్టు. నూరేళ్ల కిందట సాక్షిగా నిలబడిన పసుపు, అదే ఆమ్లం ముందు ఇప్పుడు ముద్దాయిగా నిలబడింది.

కల్తీ మీద మన కథలు కొన్ని చదివాను. చాలావాటిలో ఒక షావుకారు ఉంటాడు, అతనికి పొట్ట ఉంటుంది, చివర్లో అతని మనవడే ఆ సరుకు తిని పోతాడు. రంగు కలిపే చేతులు ఎవరివో ఆ కథల్లో ఉండదు. ఆ కారం పొడిలో రోజుకి పది గంటలు ఊపిరి పీల్చేవాళ్లు, సాయంత్రం ఎన్నిసార్లు కడుక్కున్నా అరచేతుల ఎరుపు వదలనివాళ్లు, ఇంటికెళ్తూ అదే పొట్లం కొనుక్కునేవాళ్లు ఉండరు.

ఈ సంగతులన్నీ తర్వాతి తరగతిలో చెప్పాను. మేకు, ఉన్ని, పసుపు కాగితం అన్నీ పట్టుకెళ్లి చూపించాను కూడా. అందరూ కాగితం చుట్టూ మూగారు. ఆ అమ్మాయి మాత్రం వెనకాలే కూచుని, "ఇది రచయితకెలా తెలిసిందో చెప్తుంది సార్. ఆ తుత్తం పోసినవాళ్లకి తెలుసా?" అని అడిగింది. బులెటిన్ మళ్లీ మొదటినుంచి తిరగేశాను. అందులో అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లున్నారు. పోసినవాళ్లు ఎక్కడా లేరు.